ఖర్జూరం చెట్టుకి నులిపురుగుల మందు

నేను పురుగుల డాక్టర్ని. మనుషుల పొట్టలో పురుగులకి మందిచ్చే డాక్టర్ని కాదు, చెట్లను తినే పురుగుల మీద చదువుకున్నదాన్ని. ఇక్కడ శాన్ డియేగో చుట్టుపక్కల తోటలవాళ్ళకీ, ఇళ్ళవాళ్ళకీ చీడపీడల గురించి సలహా చెప్పడం నా ఉద్యోగం. తెలుగువాళ్ళ పార్టీల్లో నన్ను ఎవరికైనా పరిచయం చేసేవాళ్ళు ఉద్యోగం దగ్గరికొచ్చి కాస్త తడబడతారు. "సాఫ్ట్‌వేర్ కాదండీ, పురుగులు" అని నేనే పూర్తి చేస్తాను. ఇక ప్లేట్లు పట్టుకుని నా చుట్టూ చేరతారు. ఒకరి కరివేపాకు మొక్క ఆకు ముడుచుకుంది, ఇంకొకరి మల్లె మొగ్గ తొడగడం లేదు. చెట్టు చూపించకుండా మందు చెప్పమంటారు. "ఫోన్లో ఫొటో చూసి మీకెవరైనా ఆపరేషన్ చేస్తారా?" అని కసురుకుంటాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మావాళ్ళందరికీ తెలుసు. అయినా అడగడం మానరు, నేను వెళ్ళి చూడడమూ మానను.

పిన్నిగారు నాకు చుట్టం కాదు. పిల్లల డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. మాకు రెండు వీధుల అవతల ఉంటారు. మా అమ్మాయి చంటిపిల్లగా ఉన్నప్పుడు ఒళ్ళు వెచ్చబడిందంటే చాలు, నేను ఆవిడకే ఫోన్ చేసేదాన్ని. ఏ వేళప్పుడు చేసినా విసుక్కోకుండా మాట్లాడేవారు. అలా ఆవిడ పిన్నిగారూ, ఆవిడ భర్త బాబాయిగారూ అయిపోయారు. ఆయన వంతెనలు కట్టిన ఇంజనీరు. ఈ ప్రాంతంలో హైవేల మీద ఆయన చెయ్యి పడిన బ్రిడ్జిలు ఇంకా ఉన్నాయి. వాటి మీదుగా పిన్నిగారు కార్లో తీసుకెళ్తే కిటికీలోంచి చూసి, "ఎవరు కట్టారో గాని, బాగా కట్టారమ్మా" అనేవారు. ఆయన అలా అన్నప్పుడల్లా పిన్నిగారు రోడ్డు మీద నుంచి చూపు తిప్పేవారు కాదు.

బాబాయిగారికి మతిమరుపు జబ్బు. మొదట తాళంచెవులు, తర్వాత మాటలు, ఆ తర్వాత మనుషులు. అయినా ఆయన రోజూ పొద్దున ఒక్కరే వాకింగ్‌కి వెళ్ళి ఒక్కరే తిరిగొచ్చేవారు. అది ఎలా సాధ్యమైందో చెప్పాలంటే మా కాలనీ సంగతి చెప్పాలి. మా ఇళ్ళన్నీ ఒకటే మోస్తరు. అదే ఇసుకరంగు గోడ, అదే పెంకుల కప్పు, అదే గరాజ్ తలుపు. రంగు మార్చుకోవాలంటే అసోసియేషన్‌వాళ్ళు ఒప్పుకోవాలి, వాళ్ళు చచ్చినా ఒప్పుకోరు. కొత్తగా వచ్చినప్పుడు నేనే ఒకసారి వేరేవాళ్ళ గరాజ్ ముందు కారాపి, రిమోట్ పనిచెయ్యడం లేదని మా ఆయన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

పిన్నిగారి ఇంటి ముందు మాత్రం పెద్ద ఖర్జూరం చెట్టు ఉండేది. ఇద్దరు చేతులు చాపితే గాని అందనంత మాను, పైన దట్టంగా నాలుగు వైపులా వంగిన మట్టలు. కాలనీ కట్టకముందు నుంచీ ఉన్న చెట్టట, కట్టినవాళ్ళకి కొట్టడానికి మనసొప్పలేదట. ఎంత దూరం నుంచైనా కనిపించేది. బాబాయిగారు దాన్ని ఈతచెట్టు అనేవారు. పార్కు చుట్టూ తిరిగి వచ్చి, మాను మీద అరచేత్తో చరిచి, లోపలికి వెళ్ళేవారు. ఇంటి నంబరు మరిచిపోయారు, వీధి పేరు మరిచిపోయారు, కూతురి పేరు ఒక్కోరోజు మరిచిపోయేవారు. చెట్టును మాత్రం మరిచిపోలేదు. దారి చూపించే వాచీ ఒకటి కొని పెడితే, విప్పి పార్కు బెంచీ మీద పెట్టి వచ్చేవారు.

ఇక్కడే పుట్టి పెరిగి, తూర్పు తీరంలో లాయరుగా ఉంటున్న వాళ్ళమ్మాయికి ఈ ఒంటరి వాకింగ్ అంటే దడ. ఒక ఆదివారం నేను అక్కడ ఉండగానే వీడియో కాల్‌లో తల్లితో ఖరాఖండిగా చెప్పింది.

"అమ్మా, డాడీ ఒక్కసారి లాస్ట్ అయితే చాలు, దెన్ మెమరీ కేర్. నువ్వు ప్రామిస్ చేశావు నాకు. గుర్తుంది కదా?"

మెమరీ కేర్ అంటే ఇలాంటి జబ్బువాళ్ళని చూసుకునే చోటు. శుభ్రంగా ఉంటుంది, నర్సులు ఉంటారు, బయటి తలుపుకి ఎప్పుడూ తాళం ఉంటుంది. పిన్నిగారు "గుర్తుందమ్మా" అన్నారు. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగి, "దానిదీ తప్పు లేదు. కానీ ఈయన్ని తాళం వేసిన ఇంట్లో పెడితే నెల తిరక్కుండా మంచాన పడతారు. నేను డాక్టర్ని, నాకు తెలుసు" అన్నారు. అందుకని ఆ చెట్టు ఉన్నన్నాళ్ళే బాబాయిగారు ఇంట్లో ఉంటారన్న సంగతి మా అందరికీ తెలుసు. ఎవరం పైకి అనేవాళ్ళం కాదు, అంతే.

ఆ రోజుల్లోనే మా ప్రాంతపు ఖర్జూరాలకి ముక్కు పురుగు బెడద ముదిరింది. కోనసీమ కొబ్బరితోటల్లో ఎర్రముక్కు పురుగు ఉంటుంది కదా, దానికి దాయాది ఇది. నల్లగా, బొటనవేలంత ఉంటుంది. మెక్సికో సరిహద్దు దాటి ఎగిరొచ్చి, చెట్టు నడినెత్తిన చిగురు పుట్టే మొవ్వులో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు లోపల లోపలే మొవ్వంతా తినేస్తాయి. కింద నిలబడి చూసేవాళ్ళకి చాలాకాలం ఏమీ తెలియదు. తెలిసేసరికి నెత్తి కూలిపోతుంది. ఖర్జూరానికి ఒక్కటే మొవ్వు, అది పోతే ఇక చిగురించడం ఉండదు. పక్క కాలనీల్లో ఒక్కొక్క చెట్టే నెత్తి వాలేసి నిలబడుతుంటే, నేను ఆఫీసు నుంచి వచ్చే దారిలో రోజూ పిన్నిగారి వీధి మీదుగా వచ్చి ఆ చెట్టు వంక చూసి వెళ్ళేదాన్ని.

ఒకరోజు మొవ్వులో కొత్త మట్టల ఆకులు అంచుల వెంట కొరికేసినట్టు కనిపించాయి. ఒక మట్ట కాస్త పక్కకి ఒరిగింది. కారాపి చెట్టు మొదట్లో వెతికాను. పీచుతో చుట్టిన గూడు ఒకటి దొరికింది, వేలెడంత ఉంది. పురుగు అందులోనే పెరిగి రెక్కలొచ్చి బయటికి పోతుంది. అది ఖాళీగా ఉంది.

పిన్నిగారు తలుపు తీసి నా చేతిలో గూడు చూశారు.

"ఏమిటే అది?"

"మీ చెట్టులో పురుగు పడింది పిన్నిగారూ. ఇంకా మొదట్లోనే ఉందనుకుంటాను. వెంటనే మందు వెయ్యాలి."

మామూలుగా అయితే వేళ్ళ దగ్గర విషం మందు పోస్తారు. చెట్టు దాన్ని పైకి లాక్కుంటుంది, తిన్న పురుగు చస్తుంది. కానీ ఆ చెట్టు కాయలు సన్నగా, గింజే ఎక్కువగా ఉన్నా, పండితే తియ్యగా ఉంటాయి. బాబాయిగారు రాలిన పళ్ళు ఏరుకుని జేబులో పోసుకునేవారు. ఎంత చెప్పినా నోట్లో వేసుకునేవారు. ఆ మాట నేను అనేలోపే పిన్నిగారు అన్నారు.

"విషం వద్దమ్మాయ్. ఆయన తింటారు. ఇంకేదైనా చూడు."

ఇంకొకటి ఉంది. పురుగుల్ని తినే నులిపురుగులు ఉంటాయి. కంటికి కనిపించనంత సన్నం. నీళ్ళలో కలిపి చెట్టు మొవ్వులో పోస్తే, తడి వెంట పాకుతూ వెళ్ళి ముక్కు పురుగు పిల్లల నోట్లోంచి, ఊపిరి రంధ్రాల్లోంచి లోపలికి దూరతాయి. వాటి కడుపులో ఉండే ఒకరకం బాక్టీరియాని అక్కడ వదులుతాయి. రెండు మూడు రోజుల్లో పురుగు చస్తుంది. దాని ఒళ్ళంతా తిని, అందులోనే పిల్లల్ని పెట్టి, ఇంకో పురుగుని వెతుక్కుంటూ పోతాయి. మనిషికి, కుక్కకి, పిట్టకి ఏ అపకారమూ లేదు. ఒకసారి పోస్తే చాలదు, కొన్ని వారాలకి మళ్ళీ పొయ్యాలి.

ఇదంతా విని పిన్నిగారు సోఫాలో వెనక్కి వాలి నవ్వారు. చాలా రోజులకి ఆవిడ అలా నవ్వడం.

"నేను జన్మంతా పిల్లల కడుపులో నులిపురుగులు పోవడానికి మందు రాశాను. ఇప్పుడు నువ్వొచ్చి డబ్బులిచ్చి కొనుక్కోమంటున్నావు."

"ఇవి మంచి పురుగులండీ."

"అన్నీ నీకు మంచివే. సరే, ఆర్డర్ చెయ్యి."

పార్సిల్ పిన్నిగారి ఇంటికే వచ్చింది. మంచు ముద్దల మధ్య రెండు పొట్లాలు. ఒకటి ఇప్పటికి, ఒకటి తర్వాతి విడతకి. విప్పి చూపించాను. లోపల తడిపిన శనగపిండిలా ఉంది. "ఇందులో కోట్ల ప్రాణాలున్నాయి" అంటే బాబాయిగారు ముఖం దగ్గరగా పెట్టి చాలాసేపు చూశారు. పొట్లాలు పిన్నిగారి చేతికిచ్చి, ఫ్రిజ్‌లో పెట్టమని, ఎండ తగలనివ్వద్దని చెప్పాను. పాలూ పెరుగూ ఉండే ఫ్రిజ్‌లో పురుగులేమిటని ఆవిడ మొహం చిట్లించి, మళ్ళీ ఆవిడే, "ల్యాబులో మనం తిండి పెట్టుకోలేదా ఏమిటి" అనుకుంటూ అడుగు అరలో ఓ మూలకి సర్దారు.

చెట్టు ఎత్తు కాబట్టి పైకి వెళ్ళాలంటే బుట్ట ఉన్న లారీ కావాలి. చెట్లు కత్తిరించే ఒకాయన్ని బుక్ చేశాను. ఆయన వస్తానన్న రోజుకి ఎడారి వైపు నుంచి వేడిగాలి మొదలైంది. ఎండ మండిపోతోంది. అంత వేడిలో పోస్తే ఈ పురుగులు ఎండి చస్తాయి. సాయంత్రం చల్లబడితే గాని లాభం లేదు, ఆ వారం సాయంత్రాలు కూడా చల్లబడలేదు. పిన్నిగారికి ఫోన్ చేసి వాయిదా వేస్తున్నానని చెప్పాను.

"వేడికి చచ్చిపోతాయన్నమాట" అన్నారావిడ.

"అవునండీ. వేడి అస్సలు పనికిరాదు."

"ఈలోపల పాడవవు కదా? పొట్లం మీద తేదీ దగ్గరికొచ్చేసింది."

"చల్లగా ఉంటే పరవాలేదు పిన్నిగారూ."

ఇవే మేం మాట్లాడుకున్న మాటలు. ఆ తర్వాత వాటిని నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కలేదు. ఒక్కొక్క మాటా నిజమే. ఏ మాటలోనూ తప్పు లేదు.

వేడి తగ్గి, సాయంత్రాలు సముద్రం మీద నుంచి మబ్బు కమ్మడం మొదలయ్యాక లారీ వచ్చింది. మా ఆయన మా అమ్మాయిని తీసుకుని వేడుక చూడ్డానికి వచ్చాడు. పిన్నిగారు ఒక స్టీలు గిన్నెలో పొట్లం పెట్టి, పైన తడి గుడ్డ కప్పి, ప్రసాదం తెచ్చినట్టు రెండు చేతులా పట్టుకొచ్చారు. "చల్లగానే ఉంచానమ్మాయ్" అన్నారు. బకెట్ నీళ్ళలో కలిపి, ఒక చుక్క గాజు పలక మీద వేసి భూతద్దంతో చూశాను. సన్నటి నూలుపోగు ముక్కల్లా నిటారుగా పడి ఉన్నాయి. ఈ రకం పురుగులు చలికి అలాగే కదలకుండా ఉంటాయి, నీళ్ళు వెచ్చబడ్డాక గాని ఒళ్ళు విరుచుకోవు. ఇంకా మత్తు వదల్లేదు అనుకున్నాను. పిచికారీ ముక్కులో జల్లెడ ఉంటే పురుగులు చిక్కుకుపోతాయని దాన్ని తీసేయించాను. నేనూ లారీ ఆయనతో పాటు బుట్టలో పైకి ఎక్కి, మొవ్వు నిండా తడిసేలా పోయించాను. మట్టల ముళ్ళు గీరుకుని చేతుల నిండా రక్తం చారలు. కిందికి చూస్తే బాబాయిగారు తల పైకెత్తి చెయ్యూపుతున్నారు. ఆ సాయంత్రం నాకు చాలా సంతోషంగా అనిపించింది. చదువుకున్న చదువు అయినవాళ్ళ ఇంటికి పనికొచ్చిందన్న సంతోషం.

పిన్నిగారు అందరినీ లోపలికి పిలిచి పులిహోర పెట్టారు. లారీ ఆయన కూడా తిని బావుందన్నాడు.

తర్వాతి వారాల్లో నేను కళ్ళలో వత్తులు వేసుకుని ఆ చెట్టును చూస్తూనే ఉన్నాను. ఒరిగిన మట్ట ఇంకాస్త ఒరిగింది. సరే, అది ముందే తెగిపోయి ఉంటుందనుకున్నాను. చెట్టు మొదట్లో ఇంకో గూడు దొరికింది. అందులో పురుగు బతికే ఉంది, వేలు పెడితే కదిలింది. మందు తగిలినచోట ఇలా ఉండకూడదు. అనుకున్న గడువు దాకా ఆగకుండా రెండో విడత వెంటనే పోయిద్దామని లారీ ఆయనకి ఫోన్ చేసి, ఆఫీసు నుంచి నేరుగా పిన్నిగారి ఇంటికి వెళ్ళాను.

"రెండో పొట్లం ఇవ్వండి పిన్నిగారూ, ఇవాళే పోసేద్దాం."

"ముందే చెప్తే పొద్దున తీసి బయట పెట్టేదాన్ని కదమ్మా. మెత్తబడడానికి టైమ్ పడుతుంది" అంటూ ఆవిడ వంటింటి వైపు కాకుండా గరాజ్ వైపు నడిచారు.

నాకు ఆ మాట వెంటనే ఎక్కలేదు. వెనకాలే వెళ్ళాను. అమెరికాలో తెలుగువాళ్ళ గరాజ్‌లో కారుకి చోటున్నా లేకపోయినా డీప్ ఫ్రీజర్‌కి ఉంటుంది. మా ఇంట్లోనూ ఉంది. ఎవరైనా ఊరి నుంచి వస్తే తెచ్చిన గోంగూర, ఇండియన్ స్టోర్‌లో చవగ్గా దొరికిన రోజు కట్టలు కట్టలుగా కొన్న కరివేపాకు, కొబ్బరి తురుము, మామిడి ముక్కలు, ఏది పాడవకూడదనుకుంటే అది అందులోకి వెళ్తుంది. పిన్నిగారు మూత ఎత్తి, పైనున్న కరివేపాకు సంచీలు పక్కకి జరిపి, కొబ్బరి తురుము పొట్లాల కింద నుంచి దాన్ని తీసి నా చేతిలో పెట్టారు.

ఇటుకలా ఉంది. పొట్లం మీద గడ్డకట్టనివ్వకూడదని ఇంగ్లీషులో అచ్చేసిన వాక్యం మీద మంచు పొడి పేరుకుని ఉంది.

"ఆ వేడిగాలి వచ్చినప్పుడు రెండూ ఇందులో పెట్టేశాను" అన్నారావిడ. "నువ్వు వేడికి చస్తాయన్నావుగా. ఇందులో అయితే ఆర్నెల్లయినా ఉంటాయి. మొదటిది నువ్వు వచ్చే రోజు పొద్దున్నే తీసి పెట్టాను, సాయంత్రానికి చక్కగా విడింది."

ఆ రోజు నేను మొవ్వులో పోయించింది ఒట్టి నీళ్ళు. భూతద్దం కింద నిటారుగా పడి ఉన్నవి నిద్రపోతున్నవి కావు. ఇంకెవరైనా అయితే ఒంటికాలి మీద లేచేదాన్ని. రాసిందాన్ని చదవడం రాదా, ప్రాణమున్నవాటిని గడ్డకట్టిస్తే బతుకుతాయా, కొబ్బరి తురుమనుకున్నారా, అని చెడామడా కడిగేసేదాన్ని. నాలిక చివరి దాకా వచ్చింది. ఆవిడ ఫ్రీజర్ మూత పట్టుకుని నా వంక చూస్తున్నారు. లోపల హాల్లోంచి బాబాయిగారు ఎవరితోనో మాట్లాడుతున్నట్టు తనలో తనే మాట్లాడుకుంటున్నారు.

"ఏం, పాడైపోయాయా?" అన్నారు పిన్నిగారు.

"లేదండీ" అన్నాను. "ఇది పాత సరుకు కదా, ఎందుకైనా మంచిది, కొత్తది తెప్పిస్తాను."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. మూత వేసి, చెయ్యి చీరకి తుడుచుకుని, టీ పెడతానన్నారు. నేను టీ తాగి, ఆ ఇటుక తీసుకుని వచ్చేశాను. కార్లో కూర్చుని ఏడ్చాను. ఎవరి మీద కోప్పడాలో తెలియని కోపం అంత బరువుగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

కొత్త సరుకు తొందర పెట్టి తెప్పించాను, మా ఇంట్లోనే ఉంచుకున్నాను. ఈసారి భూతద్దం కింద అవి మెలికలు తిరుగుతూ ఎంత హుషారుగా ఉన్నాయో చెప్పలేను. కానీ లారీలో పైకి వెళ్ళి మొవ్వులో చెయ్యి పెడితే నడిమి చిగురు నా చేతిలోకి ఊడి వచ్చింది. అడుగున అంతా కుళ్ళి, పులిసిన కల్లు వాసన. అయినా పోయించాను. చేసేదేమీ లేదని తెలిసీ పోయించాను. ఇంకొన్నాళ్ళకి మట్టలన్నీ ఒకేసారి కిందికి వాలిపోయాయి.

మొదటి విడత పనిచేసి ఉంటే చెట్టు బతికేదా? నా ఉద్యోగంలో ఈ ప్రశ్న ఇంకెవరైనా అడిగితే, చెప్పలేమండీ, ఇలాంటి చెట్లలో కొన్ని బతుకుతాయి, కొన్ని బతకవు అంటాను. అది నిజం. ఆ నిజం నాకు ఏ రోజూ ఊరటనివ్వలేదు. మొదటిసారి పైకెక్కినప్పుడు మొవ్వు ఇంకా గట్టిగా ఉంది, నేను నా చేత్తో పట్టుకుని చూశాను.

మానైనా ఉంచమని అసోసియేషన్‌వాళ్ళని అడిగాను. లోపలి పురుగులు పక్క చెట్ల మీదికి పోతాయి, కూలితే మనుషుల మీద పడుతుంది, తీసెయ్యాల్సిందే అన్నారు. ఇంకొకరి చెట్టయితే నేనూ అదే చెప్పేదాన్ని. కొట్టేసే రోజు బాబాయిగారిని మా ఇంటికి తీసుకొచ్చి టీవీ ముందు కూర్చోబెట్టాను. రంపం చప్పుడు రెండు వీధులు దాటి వినిపిస్తూనే ఉంది. ఆయన, "ఎక్కడో బ్రిడ్జి పని జరుగుతోంది" అన్నారు.

చెట్టు పోయాక, ఆయన ఇల్లు గుర్తుపట్టాలని పిన్నిగారు ఎన్నో చేసి చూశారు. గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టారు, డ్రైవ్‌వేలో ఎర్రటి పెద్ద కుండీ పెట్టారు, ముగ్గు వేశారు. బాబాయిగారు అవన్నీ చూసి బావున్నాయనేవారు, కానీ మర్నాడు ఇంటి ముందు నుంచి ఆగకుండా వెళ్ళిపోయేవారు. దాంతో ఆయన వాకింగ్ నుంచి వచ్చే వేళకి ఆవిడే వాకిట్లో నిలబడడం మొదలుపెట్టారు. ఒకరోజు అలా నిలబడి ఉంటే ఆయన దగ్గరికి వచ్చి చేతులు జోడించి అడిగారట.

"అమ్మా, ఇక్కడ ఈతచెట్టు ఉన్న ఇల్లొకటి ఉండాలండీ. మీకేమైనా తెలుసా? మా ఆవిడ కంగారు పడుతూ ఉంటుంది."

"తెలుసండీ, రండి, వెతుకుదాం" అని పిన్నిగారు ఆయన వెంట నడిచారు. ఇల్లు ఇదేనని చెప్తే ఆయన నమ్మేవారు కాదు, లోపలికి రమ్మంటే పరాయి ఇంట్లోకి ఎందుకని భయపడేవారు. అలసిపోయేదాకా తిప్పితే, కాస్త కూర్చుని వెళ్దామని లోపలికి తీసుకెళ్ళడం తేలికయ్యేది. ఆ మోకాళ్ళ నొప్పులతో ఆవిడ రోజూ ఆయనతో పాటు లేని చెట్టుని వెతుకుతూ కాలనీ అంతా తిరిగేవారు. ఒకరోజు ఆవిడ స్నానం చేసి వచ్చేసరికి ఆయన లేరు. హైవే ఎక్కే దారిలో పోలీసులకి దొరికారు. కూతురు మర్నాడే విమానంలో వచ్చింది. ఏమీ అనలేదు పాపం, తల్లి పక్కన కూర్చుని కాగితాల మీద సంతకాలు పెట్టించింది.

ఆయన్ని మెమరీ కేర్‌కి తీసుకెళ్ళే ముందు రోజు సాయంత్రం నేను వెళ్ళాను. కూతురు లోపల, అక్కడ వేరేవాళ్ళ బట్టల్లో కలిసిపోకుండా ఆయన బట్టల మీద పేరు కుడుతోంది. పిన్నిగారూ బాబాయిగారూ మళ్ళీ నడకకి బయల్దేరుతుంటే నేనూ కలిశాను. ఆయన నాలుగడుగులు ముందు నడుస్తున్నారు, ప్రతి ఇంటి ముందూ ఆగి పైకి చూస్తున్నారు.

"అమ్మాయ్" అన్నారు పిన్నిగారు, నా వంక చూడకుండా. "ఆ రోజు గరాజ్‌లో నువ్వు నన్ను తిట్టలేదు."

నేను బాబాయిగారి వంకే చూస్తూ నడిచాను.

"కరివేపాకుకి నీళ్ళెక్కువ పోస్తేనే నన్ను అరగంట దులిపినదానివి. ఆ రోజు నోరెత్తలేదు. టీ తాగి వెళ్ళిపోయావు. నాకు అప్పుడే అర్థమైంది. అన్నేళ్ళు టీకా మందులు దాచిన మనిషిని నేను. ఏది ఫ్రీజర్‌లో పెట్టాలో, ఏది పెడితే చస్తుందో నర్సులకి నేర్పిన మనిషిని. ఇంట్లోకి వచ్చేసరికి అదంతా ఎక్కడికి పోయిందో."

"చెట్టు అప్పటికే పోయిందండీ" అన్నాను.

"నువ్వు అబద్ధమాడితే నాకు తెలుస్తుందమ్మా. తిట్టి ఉంటే బావుండేది. తిట్టించుకుంటే ఒకరోజు ఏడ్చి ఊరుకునేదాన్ని."

ముందు నడుస్తున్న బాబాయిగారు ఆగి, మేం దగ్గరికి వచ్చేదాకా నిలబడ్డారు. పిన్నిగారి ముఖంలోకి చూసి, ఎంతో మర్యాదగా అన్నారు.

"రోజూ నా కోసం ఇంత శ్రమ పడుతున్నారమ్మా. చీకటి పడుతోంది. ఇంట్లో మీ కోసం ఎవరూ ఎదురు చూడరా?"

పిన్నిగారు ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"ఇవాళ్టిదాకా ఉన్నారండీ" అన్నారు. ఆ చెయ్యి వదలకుండా, ఇంకా చూడాల్సిన వీధిలోకి ఆయనతో పాటు మలుపు తిరిగారు.